24 హెచ్‌పీ ట్రాక్టర్ వెనక 72 అంగుళాల మోవర్ లాగుతుందా?

అమెరికాలో, డాలస్‌కి ఈశాన్యంగా గంట ప్రయాణం దూరంలో ఉంటున్న ఒక పాఠకుడు రాసిన పొడవాటి ఉత్తరం ఇది. ఆయనకు ఆరెకరాల స్థలం ఉంది. అందులో ఇంటి చుట్టూ నాలుగెకరాలు బెర్ముడా గడ్డి, వెనక ఒక ఎకరం నడుము ఎత్తు జాన్సన్ గ్రాస్. మిగతాది ఇల్లు, దారి, ఒక చిన్న కుంట. నిరుడు వసంతంలో ముందు బకెట్ ఉండే లోడర్‌తో సహా ఒక సబ్‌కాంపాక్ట్ ట్రాక్టర్, అంటే అతి చిన్న తరగతిది, కొన్నారు. గేర్లు మార్చే పని లేని హైడ్రోస్టాటిక్ బండి, బానెట్ మీద స్టిక్కర్ 24 హెచ్‌పీ అంటుంది.

పక్క స్థలం ఆయన ఇల్లు మారుతూ, తన 40 హెచ్‌పీ ట్రాక్టర్‌కి వాడిన 72 అంగుళాల వెడల్పు కోసే ఫినిష్ మోవర్‌ని (ట్రాక్టర్ వెనక తగిలించి పచ్చికని నున్నగా కోసే యంత్రం) కొత్తదాని ధరలో మూడో వంతుకే ఇస్తానన్నారట. వారం రోజులు వాడి చూడమని ముందే ఇచ్చేశారు కూడా. చదును నేల మీద ఫర్వాలేదనిపించింది. కుంట గట్టు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజిన్ గొంతు పడిపోయి నల్లపొగ వచ్చింది, రబ్బరు కాలిన వాసన వేసింది. కోసిన చోట గడ్డి చారలు చారలుగా మిగిలిపోయి, రెండు రోజులకు కొసలు గోధుమరంగుకి తిరిగాయి. చెట్ల మధ్య తిప్పడానికి వీలుగా ఉంటుందని లోడర్ తీసేశారు. మోవర్ పైకెత్తితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినడం లేదు. ఎత్తేటప్పుడు ఒకచోట 'టక్' మని శబ్దం కూడా వస్తోంది.

గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఆరు నెలలు ఉండబోతున్న నాన్నగారు మోవర్ తీసుకోమంటున్నారు. "50 హెచ్‌పీ బండితో ఆరడుగుల రోటవేటర్ నల్లరేగడిలో నడిపినవాణ్ణి. దున్నడానికి అది చాలినప్పుడు గడ్డి కోయడానికి 24 చాలదా?" అన్నది ఆయన వాదన. భార్య షోరూమ్‌లో చూసిన 60 అంగుళాలది కొందామంటున్నారు. షోరూమ్ వాళ్ళు ట్రాక్టరే మార్చేయమంటున్నారు. ఆదివారంలోగా పొరుగాయనకు మాట చెప్పాలి. వీటన్నిటితో పాటు, డెబ్భై ఏళ్ళ నాన్నగారు ఆ బండి నడుపుతానంటే ఇవ్వవచ్చా అన్నది ఆఖరి ప్రశ్న.

*

ముందు ఆ 'టక్' శబ్దం సంగతి చూడండి. మిగతా ప్రశ్నలు ఆదివారం దాకా ఆగుతాయి, ఇది ఆగదు. అది తేలేదాకా మోవర్ ఎత్తడం, దించడం ఆపేయండి.

పీటీఓ అంటే ఇంజిన్ శక్తిని బయటికి ఇచ్చే, ట్రాక్టర్ వెనక తిరిగే కొస. దాన్నుంచి మోవర్‌కి వెళ్ళే పీటీఓ షాఫ్ట్ ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు. పొరుగాయన పెద్ద ట్రాక్టర్‌కి లింకేజీ, అంటే మోవర్‌ని ఎత్తే వెనక చేతులు, పీటీఓకి దూరంగా ఉంటుంది, షాఫ్ట్ ఆ దూరానికి కోసి ఉంటుంది. మీ సబ్‌కాంపాక్ట్‌కి ఆ దూరం బాగా తక్కువ. మోవర్ లేచేటప్పుడు ఒక స్థానంలో షాఫ్ట్‌కి ఇంకా ముడుచుకునే జాగా అయిపోయి, లోపలి గొట్టం వెళ్ళి అడుగున గుద్దుకుంటోంది. మీకు వినిపించిన శబ్దం దాదాపు కచ్చితంగా అదే. హైడ్రాలిక్ పైకి లాగుతుంటే షాఫ్ట్ ఆ బలాన్నంతా అటు మోవర్ గేర్‌బాక్స్ మీద, ఇటు ట్రాక్టర్ పీటీఓ బేరింగ్ మీద పెడుతుంది. మోవర్ గేర్‌బాక్స్ పగిలితే అది మోవర్ ఖర్చుతో పోతుంది. పీటీఓ హౌసింగ్ చిట్లితే ట్రాక్టర్‌ని వెనక నుంచి విప్పాలి.

తనిఖీ చేసే పద్ధతి ఇది. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. షాఫ్ట్ రెండు ముక్కలూ విడదీసి ఒకటి ట్రాక్టర్‌కి, ఒకటి మోవర్‌కి బిగించండి. లింకేజీని కొద్దికొద్దిగా ఎత్తుతూ (ఎత్తడానికి మాత్రమే పీటీఓ వేయకుండా ఇంజిన్ నడిపి, ప్రతిసారీ మళ్ళీ ఆపేసి) రెండు ముక్కల్నీ పక్కపక్కన పట్టుకుని చూస్తే ఎక్కడ దూరం అతి తక్కువో తెలుస్తుంది. సాధారణంగా షాఫ్ట్ నేలకు సమాంతరంగా వచ్చినచోట అది వస్తుంది. చెయ్యి పెట్టే ప్రతిసారీ మోవర్ కింద దుంగలు ఉండాలి, హైడ్రాలిక్‌ని నమ్మవద్దు. ఆ అతి తక్కువ దూరంలో కూడా గొట్టం చివర కనీసం ఒక అంగుళం ఖాళీ మిగలాలి. షాఫ్ట్ పూర్తిగా సాగిన స్థానంలో రెండు గొట్టాలూ కనీసం మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. పొడవు ఎక్కువైతే లోపలి గొట్టం, బయటి గొట్టం, వాటి మీది ప్లాస్టిక్ కవచాలు నాలుగింటినీ ఒకే కొలతకి కోసి, అంచులు ఆకురాయితో రుద్ది, గ్రీజు పెట్టాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పొరుగాయన ఇచ్చిన షాఫ్ట్‌ని మీరు కోశారంటే ఆ మోవర్ మీది అయిపోయినట్టే, మళ్ళీ పెద్ద బండికి అది అందదు. కొనాలని గట్టిగా నిర్ణయించుకోకుండా కోయకండి.

ఇక హెచ్‌పీ విషయం. స్టిక్కర్ మీది 24 ఇంజిన్ శక్తి. మోవర్‌ని తిప్పేది పీటీఓ. మీ తరగతి బండ్లలో జాన్ డీర్ 1025ఆర్ పీటీఓ దగ్గర ఇచ్చేది 18 హెచ్‌పీ, కుబోటా బీఎక్స్2380 ఇచ్చేది 17.7. మిగిలింది హైడ్రోస్టాటిక్ పంపుకి, హైడ్రాలిక్ పంపుకి, గేర్ల రాపిడికి పోతుంది. మీ బండి మాన్యువల్లో 'పీటీఓ పవర్' అన్న వరుస వెతకండి, 18కి అటూ ఇటూగా ఉంటుంది. పైగా ఈ 18 కూడా ట్రాక్టర్ ఒకచోట నిలబడి ఉన్నప్పటి లెక్క. చక్రాలు కదలడం మొదలుపెట్టగానే ఇందులోంచే వాటా తీసుకుంటాయి.

ఆ వాటా ఎంతో లెక్క కట్టవచ్చు. లోడర్ లేని ట్రాక్టర్ సుమారు 1,450 పౌండ్లు, మీరు 180, ఆ మోవర్ 650 అనుకుంటే మొత్తం 2,300 పౌండ్ల దాకా వస్తుంది. గడ్డి నేల మీద చక్రాలు దొర్లడానికి అందులో ఎనిమిది శాతం లాగుడు కావాలి, అంటే 185 పౌండ్లు. గంటకు 3 మైళ్ళ వేగంతో, హైడ్రోస్టాట్‌లో పోయే నష్టం కలుపుకుంటే చదును మీద 2 హెచ్‌పీ ఖర్చు. మీ కుంట గట్టు వంద అడుగులకి పదడుగులు లేస్తుందని రాశారు. ఆ ఎక్కుడుకి ఇంకో 230 పౌండ్ల లాగుడు చేరుతుంది. అదే 3 మైళ్ళ వేగంతో ఎక్కితే ఖర్చు 5 హెచ్‌పీకి దగ్గరవుతుంది. అంటే చదును మీద మోవర్‌కి 16 మిగిలితే, గట్టు మీద 13 మిగులుతుంది.

ఇప్పుడు మోవర్ ఎంత అడుగుతుంది? మూడు బ్లేడ్ల వెనక ఫినిష్ మోవర్‌కి, వారం వారం కోసే పొడి గడ్డికి, అడుగు వెడల్పుకి కనీసం 3 పీటీఓ హెచ్‌పీ కావాలి. 4 ఉంటే నిశ్చింత. దట్టమైన గడ్డి, తడి, ఎత్తుపల్లాలు ఉంటే 5 అని కొనేవాళ్ళూ ఉన్నారు, అది అతిజాగ్రత్త కాదు. ఈ లెక్కన 60 అంగుళాలది, అంటే ఐదడుగులది, 15 నుంచి 20 అడుగుతుంది. 72 అంగుళాలది 18 నుంచి 24. చదును మీద మీ దగ్గర ఉన్నది 16. పొరుగాయన మోవర్‌కి అతి తక్కువ అవసరం 18. అందుకే చదును మీద 'ఫర్వాలేదు' అనిపించింది, గట్టు దగ్గర నల్లపొగ వచ్చింది. నల్లపొగ అంటే ఇంజిన్ మోయలేని భారానికి, దాని వేగం నిలబెట్టే గవర్నర్ అనే భాగం డీజిల్ ఎక్కువ పోస్తోందని, అది పూర్తిగా కాలడం లేదని. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా నల్లపొగ వస్తుంది కాబట్టి దాన్నీ ఒకసారి చూడండి, కానీ గట్టు ఎక్కినప్పుడే వస్తోందంటే ఫిల్టర్‌ది తప్పు కాదు.

గోధుమరంగు కొసల కారణం కూడా ఇక్కడే ఉంది. ఫినిష్ మోవర్ గడ్డిని బ్లేడ్ కొస వేగంతో కోస్తుంది. నిమిషానికి 16,000 నుంచి 18,000 అడుగులు ఉంటేనే తెగిన చోటు శుభ్రంగా ఉంటుంది. 21 అంగుళాల బ్లేడ్ నిమిషానికి 3,000 సార్లు తిరిగితే కొస వేగం సుమారు 16,500 అడుగులు, అదీ పీటీఓ సరిగ్గా నిమిషానికి 540 చుట్ల మీద ఉన్నప్పుడు. ఇంజిన్ అణిగి పీటీఓ 450కి పడిపోతే అది 13,700కి దిగుతుంది. అప్పుడు బ్లేడ్ కోయదు, చీలుస్తుంది. చీలిన కొస ఎండి గోధుమరంగుకి మారుతుంది. వేగం తగ్గడంతో డెక్ (బ్లేడ్లని కప్పే రేకు పెట్టె) కింద గాలి కూడా తగ్గి, గడ్డి బయటికి పోక లోపలే ముద్దకడుతుంది. ఆ ముద్దని మళ్ళీ మళ్ళీ కోయడానికి ఇంకా శక్తి కావాలి, ఇంజిన్ ఇంకా అణుగుతుంది. రబ్బరు వాసన బెల్ట్ జారుతున్నందుకు. ఒకసారి అద్దంలా మెరుపెక్కిన బెల్ట్ తర్వాత ఎంత బిగించినా పట్టు ఇవ్వదు.

చాలామంది ఇక్కడ ఇంజిన్ వేగం తగ్గించి 'మెల్లగా' నడుపుతారు. అది తిరగేసిన వైద్యం. థ్రాటిల్ ఎప్పుడూ మీటర్ మీద 540 గుర్తు దగ్గరే ఉండాలి. తగ్గించవలసింది నేల మీద వేగం, పాదం కింది పెడల్‌తో. పీటీఓ వేసేటప్పుడు మాత్రం ఇంజిన్ ఐడిల్‌కి కాస్త పైన, వెయ్యి, పన్నెండొందల ఆర్‌పీఎం దగ్గర ఉంచి, బ్లేడ్లు తిరగడం అందుకున్నాక మెల్లగా గుర్తు దాకా పెంచాలి. పూర్తి వేగంలో ఒక్కసారిగా వేస్తే బెల్టే కాదు, పీటీఓ క్లచ్ కూడా అరుగుతుంది.

వెడల్పు ఎక్కువైతే పని త్వరగా అవుతుందన్న నమ్మకం మీ ఇంట్లో అందరిలోనూ కనబడుతోంది, షోరూమ్ వాళ్ళతో సహా. అడుగుల్లో వెడల్పుని గంటకి మైళ్ళ వేగంతో గుణించి 8.25తో భాగిస్తే గంటకి ఎన్నెకరాలో వస్తుంది. మలుపులకి, ఒకదాని మీద ఒకటి పడే వరుసలకి ఐదో వంతు తీసేయండి. 60 అంగుళాలది మీ బండితో చదును మీద హాయిగా 3.5 మైళ్ళు పోతుంది, నాలుగెకరాలకి 2 గంటల 20 నిమిషాలు. 72 అంగుళాలది అదే బండితో శుభ్రంగా కోయాలంటే 2.5 మైళ్ళకి దిగాలి, నాలుగెకరాలకి 2 గంటల 45 నిమిషాలు. పెద్ద మోవర్‌తో మీకు పాతిక నిమిషాలు నష్టం. సరే, ట్రాక్టర్ మార్చి ఆ 72ని 3.5 మైళ్ళతో నడిపించారనుకుందాం. రెండు గంటలకి కాస్త తక్కువ పడుతుంది. కొత్త ట్రాక్టర్ ఖర్చంతా పెట్టి వారానికి మిగుల్చుకునేది ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలన్నమాట.

మీరు ఎంత వేగంతో పోతున్నారో స్పీడోమీటర్ లేకపోయినా తెలుసుకోవచ్చు. వంద అడుగులకి రెండు కర్రలు పాతండి. ఆ దూరం 17 సెకన్లలో దాటితే 4 మైళ్ళు, 23 సెకన్లకి 3, 34 సెకన్లకి 2. కోస్తూ పోతున్నప్పుడు పీటీఓ 540 నుంచి 490 కంటే కిందికి పడిందంటే ఆ గడ్డిలో ఆ వేగం ఎక్కువ.

ఇక బరువు. నిజానికి నన్ను హెచ్‌పీ కంటే ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. మీ తరగతి బండ్ల లింకేజీ పిన్నులకి 24 అంగుళాల వెనక ఎత్తగలిగేది 680 పౌండ్లు. 72 అంగుళాల మోవర్ బరువు కేంద్రం ఇంకా వెనక, ముప్ఫై అంగుళాల దాకా పోతుంది, అక్కడ ఎత్తే శక్తి ఇంకా తగ్గుతుంది. ఎలాగో లేచిందే అనుకోండి. వెనక ఇరుసు నుంచి ఆ బరువు కేంద్రం దాదాపు నాలుగున్నర అడుగుల దూరంలో ఉంటుంది. ట్రాక్టర్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం కూడా నాలుగున్నర, ఐదడుగుల మధ్యే. అంటే వెనక వేలాడే 650 పౌండ్లు ముందు ఇరుసు మీద నుంచి దాదాపు 600 పౌండ్లు తీసేస్తాయి. లోడర్ తీసేసిన మీ బండికి ముందు ఉండేదే ఇంచుమించు అంత. స్టీరింగ్ పనిచేయకపోవడంలో ఆశ్చర్యం లేదు. గట్టు ఎక్కుతూ మోవర్ పైకెత్తితే ఆ మిగిలిందీ పోతుంది, ముందు భాగం నిలువుగా లేవవచ్చు. దయచేసి గట్టు మీద ఉన్నంతసేపూ దాన్ని ఎత్తకండి. కోసేటప్పుడు మోవర్ తన నాలుగు చక్రాల మీద తాను ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది తక్కువ.

60 అంగుళాలది 450 నుంచి 550 పౌండ్ల మధ్య ఉంటుంది, పొడవూ తక్కువ. అది ముందు నుంచి తీసుకునేది 400 పౌండ్లు. దానికి కూడా ముందు బంపర్ మీద సూట్‌కేస్ బరువులు, ఒక్కొక్కటి 42 పౌండ్లవి, కనీసం మూడు పెట్టమంటాను. లేదా లోడర్‌ని బండి మీదే ఉంచండి, బకెట్ కిందికి దించి నడపండి. చెట్ల మధ్య తిప్పడం కష్టమన్న మాట నిజమే, ఆ రెండింట్లో ఏది భరించగలరో మీరు చూసుకోండి.

మీకున్న దారులు ఇవి.

పొరుగాయన మోవర్ తీసుకుంటే ఇప్పుడు చేతి డబ్బు తక్కువ. అందుకు బదులు కొత్త పొట్టి షాఫ్ట్ కొనాలి, ముందు బరువులు కొనాలి, బెల్ట్ ఎలాగూ మార్చాలి. గడ్డిని పెరగనివ్వకుండా మే, జూన్ నెలల్లో నాలుగైదు రోజులకొకసారి కోయాలి. తడి మీద అస్సలు కోయకూడదు. గట్టు దగ్గర దాన్ని వాడే ప్రసక్తే లేదు. ఎప్పటికైనా పెద్ద ట్రాక్టర్ కొనే ఆలోచన గట్టిగా ఉంటేనే ఇది అర్థవంతం. అలా అయితే కొనేముందు బ్లేడ్ కొసలు పట్టుకుని పైకీ కిందికీ ఊపి, బ్లేడ్లు తిరిగే ఇరుసులైన స్పిండిళ్ళ బేరింగుల్లో ఆట, అంటే వదులు, ఉందేమో చూడండి, ఏమాత్రం ఆట ఉన్నా బేరింగులు పోయినట్టే. చక్రాల బాహువులు డెక్‌కి అతికిన చోట వెల్డింగ్ పగుళ్ళు ఉన్నాయా, గేర్‌బాక్స్ సీలు కింద నూనె తడి ఉందా, షాఫ్ట్ కవచాలు ఉన్నాయా అన్నవి కూడా. ఈ వారం మీ బండి దాన్ని అణచి అణచి నడిపింది కాబట్టి బెల్ట్ సంగతి ఆయనకు చెప్పడం మీ ధర్మం.

60 అంగుళాలది కొంటే మీ 18కి సరిగ్గా తగినది. ఎక్కువ మిగులు ఏమీ ఉండదు, అది గుర్తుంచుకోండి. చదును మీద హాయిగా, గట్టు మీద 2 మైళ్ళకి తగ్గి నడపాలి. ఆ వేగంలో ఎక్కుడు ఖర్చు 3 హెచ్‌పీకి దిగి మోవర్‌కి 15 మిగులుతుంది. మీ వెనక చక్రాల బయటి అంచుల మధ్య 46, 47 అంగుళాలు ఉంటుంది, ఇది రెండు వైపులా ఆరేడు అంగుళాలు దాటుతుంది. చక్రం తొక్కిన గడ్డి కోతకి అందకుండా పోదు. 48 అంగుళాలది వద్దనేది అందుకే: చక్రాన్ని ఒక అంగుళానికి మించి దాటదు, కంచె పక్కన ఒక వార గడ్డి మిగిలిపోతుంది. వెనక నుంచి గడ్డి వదిలే రకం తీసుకోండి. పక్కకి వదిలేవి వరుసగా కుప్ప పోస్తాయి, తర్వాతి వరుసలో ఆ కుప్పని మళ్ళీ కోయాలి. మల్చింగ్ కిట్ జోలికి పోకండి, గడ్డిని లోపలే ఉంచి ముక్కలు చేయడానికి మీ దగ్గర శక్తి మిగలలేదు.

మీ ట్రాక్టర్‌కి మధ్య పీటీఓ కూడా ఉంటే పొట్ట కింద తగిలించే 54 లేదా 60 అంగుళాల డెక్ మూడో దారి. వెనక బరువు వేలాడదు, ముందు చక్రాలు నేల మీదే ఉంటాయి, చెట్ల దగ్గరికి పోవచ్చు, వెనక్కి తిరిగి చూస్తూ మెడ నొప్పి తెచ్చుకునే పనీ తక్కువ. మీ స్థలానికి ఇది నిజంగా బాగా కుదురుతుందని నా అభిప్రాయం. కానీ ధర ఎక్కువ, సాధారణంగా మీ బండి కంపెనీదే కొనాలి, డెక్ ఉన్నప్పుడు నేలకీ బండికీ మధ్య జాగా తగ్గి లోడర్‌తో మట్టి పని చేయడం కష్టమవుతుంది. పని మారినప్పుడల్లా విప్పి బిగించాలి.

ట్రాక్టర్ మార్చడం గురించి షోరూమ్ వాళ్ళు చెప్పింది అబద్ధమేం కాదు. 25 పీటీఓ హెచ్‌పీ ఉన్న బండికి 72 అంగుళాలది అందంగా కుదురుతుంది. అయితే మీ నేల డాలస్ చుట్టుపక్కల నల్లమట్టి, మన రేగడికి బంధువే. ఎండకి బీటలిస్తుంది, వానకి జిగురవుతుంది. బరువైన బండి దాని మీద వాన వెలిసిన మూడో రోజు కూడా గాడులు పెడుతుంది. ఎండుగడ్డి కట్టడం, పెద్ద దుంగలు మోయడం లాంటి వేరే పని ఉంటే మార్చండి. గడ్డి కోతకోసం మాత్రమే మార్చవద్దు.

ఏ మోవర్ కొన్నా బిగించే తీరు ఒకటే. లింకేజీ పూర్తిగా దించేయాలి, ఎత్తు నిర్ణయించేది మోవర్ చక్రాల దగ్గర పెట్టే స్పేసర్లు అనే బిళ్ళలు, హైడ్రాలిక్ కాదు. టాప్ లింక్, అంటే ట్రాక్టర్‌నీ మోవర్‌నీ పైభాగంలో కలిపే కడ్డీ, కాస్త వదులుగా, గుంటలు గట్లు వచ్చినప్పుడు మోవర్ తనంతట తాను ఊగేలా ఉండాలి. బిగించేస్తే మోవర్ నేల వంపులకి తగ్గట్టు ఊగలేక, కోత కొన్నిచోట్ల నేలని గీకుతుంది. బ్లేడ్ కొస ముందువైపు వెనకకంటే పావు అంగుళం కిందికి ఉండాలి. కోసిన గడ్డినే వెనకభాగం మళ్ళీ కోయకుండా ఉంటుంది, శక్తి కూడా కలిసివస్తుంది. స్పిండిళ్ళకి ఎనిమిది గంటల పనికొకసారి గ్రీజు. రేడియేటర్ ముందున్న జాలీని కోత మధ్యలో ఒకసారి ఆపి దులపండి, టెక్సస్ ఎండలో గడ్డి గింజలు దాన్ని గంటలో మూసేస్తాయి. బెర్ముడా అంటే మన గరికే కాబట్టి పొట్టిగా కోసినా చావదు. రెండంగుళాల దగ్గర ఉంచండి, ఒక్కసారిలో మూడో వంతుకి మించి తీయకండి.

వెనక ఎకరంలోని జాన్సన్ గ్రాస్ వీటిలో దేని పనీ కాదు. నడుము ఎత్తు కాడల్లోకి ఫినిష్ మోవర్ని తోస్తే ముందు బెల్ట్, తర్వాత స్పిండిల్ పోతాయి. దానికి నాలుగడుగుల రోటరీ కట్టర్ కావాలి, అక్కడివాళ్ళు బుష్ హాగ్ అంటారు. ఏడాదికి రెండు మూడుసార్లు పని కాబట్టి అద్దెకి తెచ్చుకోవచ్చు, లేదా డబ్బులిచ్చి ఎవరిచేతనైనా కొట్టించవచ్చు. పక్కవాళ్ళ ఆవుల్ని అందులోకి తోలుకోమనే ఆలోచన వస్తే జాగ్రత్త. అది జొన్న జాతి గడ్డి. కరువులో వాడిపోయినప్పుడు, మంచు కొట్టాక, కోసిన తర్వాత కొత్త పిలకలు వేసినప్పుడు అందులో సైనైడ్ విషం తయారవుతుంది. లేత జొన్న మేసి పశువులు పడిపోవడం మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది.

నాన్నగారి వాదనలో తప్పు లేదు, లెక్క ఒక మెట్టు ముందే ఆగింది అంతే. 50 హెచ్‌పీకి ఆరడుగుల రోటవేటర్ అంటే అడుగుకి 8 హెచ్‌పీ పైచిలుకు. ఆయన లెక్క ప్రకారమే మీ 24కి రోటవేటర్ అయితే మూడడుగులే వస్తుంది. గడ్డి కోత దున్నడం కన్నా తేలిక కాబట్టి ఐదడుగులదాకా పోగలుగుతున్నాం. ఎడ్ల జతని చూసి గుంటక వెడల్పు నిర్ణయించిన తరం వారిది, ఈ మాట మీకంటే త్వరగా పట్టుకుంటారు. "మీరు తప్పు" అనే బదులు ఆ గట్టు దగ్గరికి తీసుకెళ్ళి పొగ చూపించి, 18 అన్న అంకె మాన్యువల్లో చూపించండి. లెక్క ఆయన చేతే కట్టించండి.

పొరుగాయనకి మాట చెప్పడం సులువు. ఆయన మోవర్‌లో లోపం లేదు, మీ బండి చిన్నది. ఆ మాటే చెప్పి, వారం వాడినందుకు కొత్త బెల్ట్ వేయించి, షాఫ్ట్ కోయకుండా, డెక్ కడిగి ఇచ్చేయండి.

ఇక నాన్నగారు నడపడం. డెబ్భై ఏళ్ళు అడ్డం కాదు, అలవాట్లు అడ్డం. మన ఊళ్ళలో చాలా ట్రాక్టర్లకి రోల్ బార్ (బండి బోల్తా పడితే నడిపేవాళ్ళని కాపాడే ఇనుప చట్రం) ఉండదు, సీటు బెల్ట్ ఎవరూ పెట్టుకోరు, నడుస్తున్న బండి మీంచి దిగడం మామూలే. ఇక్కడ రోల్ బార్ నిలబెట్టి ఉండాలి, బెల్ట్ పెట్టుకోవాలి, రెండూ కలిస్తేనే ఉపయోగం. 540 అంటే షాఫ్ట్ సెకనుకి తొమ్మిది చుట్లు. పంచె కొస గానీ కండువా గానీ అందిందంటే చెయ్యి స్విచ్ దాకా పోయేలోపే అయిపోతుంది. ప్యాంటు, బిగువైన చొక్కా వేసుకోమనండి. దిగేముందు పీటీఓ ఆపి, ఇంజిన్ ఆపి, బ్లేడ్లు పూర్తిగా ఆగేదాకా కూర్చోవాలి. మనిషి లేస్తే బండిని ఆపే సీటు కింద స్విచ్‌ని ఎవరూ తీసేయకుండా చూడండి. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తిప్పడం ఒక్కసారి కూడా వద్దు. పెడల్‌తో వేగం తగ్గించడం ఆయనకి కొత్త, మొదట మోవర్ లేకుండా ఒక పూట ఖాళీ బండి నడపనివ్వండి. చదునుగా ఉన్నదంతా ఆయనకి వదిలేసి, గట్టు మాత్రం మీరే పైనుంచి కిందికి, కిందనుంచి పైకి నడపండి, అడ్డంగా వద్దు. నీటి అంచున పదడుగుల వారని ట్రాక్టర్‌తో ముట్టుకోకుండా చేత్తో పట్టుకుని తీగతో గడ్డి కొట్టే స్ట్రింగ్ ట్రిమ్మర్‌తో కొట్టుకోండి. నల్లమట్టి గట్టు వానకి నాని ఉంటే పైకి గట్టిగా కనిపిస్తూనే చక్రం కింద జారిపోతుంది.